మొదటినాటి పసుపు

మా అమ్మాయి వచ్చే నెలలో రెండో పురిటికి వస్తోంది. తొలి కాన్పు పుట్టింట్లో, మలి కాన్పు అత్తింట్లో అన్నది మన వైపు ఆనవాయితీ. కాని వాళ్ల అత్తగారికి మోకాళ్ల నొప్పులు. “ఈసారి కూడా మీరే చూసుకోవాలి వదినగారూ” అని ఆవిడే ఫోను చేసింది. నాకు మాత్రం చేదా?

పొత్తిగుడ్డలకు మెత్తని పాత చీరలు తీద్దామని మొన్న ఆదివారం ట్రంకుపెట్టె తెరిచాను. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. అత్తయ్య నేతచీరలు, మా అబ్బాయి చిన్నప్పటి చొక్కాలు, ఊలు టోపీ ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతుంటే, అడుగున పరిచిన కాగితం కింద ఒక చీటీ కనిపించింది. పసుపుపచ్చగా మాగిపోయింది. 1989లో నా తొలి కాన్పుకు రక్తం పరీక్ష చేసి ఇచ్చిన చీటీ. అందులో నా పేరు, వయస్సు, దాని కింద నీలం సిరాతో “ఓ నెగటివ్” అని రెండే ముక్కలు.

ఆ రెండు ముక్కలు మూడేళ్లపాటు ఈ పెట్టెలో నిద్రపోయాయి. ఆ నిద్ర వల్ల, ఈనాడు రెండో పురిటికి వస్తున్న ఈ అమ్మాయే పుట్టిన రోజున మాకు దక్కకుండా పోవలసింది. ఈ వారం ఆ సంగతి చెప్పాలనిపించింది. సొంత గొడవ చెబుతున్నానని విసుక్కోకండి. రెండో బిడ్డ కోసం ఎదురుచూస్తున్న ఇళ్లు మీలో ఎన్నో ఉంటాయి. ఇది ముఖ్యంగా ఆ ఇళ్లకోసమే.

రెండో కాన్పు అంటే అందరికీ కొంచెం అలుసే. తొలిచూలుకు కాలు కింద పెట్టనివ్వరు. మలిచూలుకు “నీకేం, అన్నీ తెలుసుగా” అంటారు. 1992లో నా పరిస్థితీ అదే. కోనసీమలో మా అత్తవారి ఊరు. పెద్దవాడికి మూడేళ్లు. వాణ్ణి చంకనేసుకుని, పొంగలి గిన్నె దించుతూ, పాలవాడితో మాట్లాడుతూ నెలలు నెట్టేశాను. దగ్గరి ఊళ్లోని నర్సింగ్ హోములో నెలకోసారి చూపించుకున్నాను. బరువు చూశారు, రక్తపోటు చూశారు, బలానికి మాత్రలిచ్చారు. రక్తం గ్రూపు ఏమిటని వాళ్లు అడగలేదు; నేను చెప్పలేదు. నాకే గుర్తు లేదు మరి! తొలి కాన్పు పుట్టింటి దగ్గర వేరే చోట జరిగింది. అక్కడ చీటీ చేతికిచ్చారే గాని, అందులో ఉన్నదాని అర్థం ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఎవరి మీదా నేరం మోపడానికి చెప్పడం లేదు. అడగని తప్పు నాదీ ఉంది.

ఆశ్వయుజంలో ఒకనాడు తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. సుఖప్రసవం. మా పెద్దవాడు తలుపు పక్కనుంచి తొంగిచూసి, “ఇది ఎప్పుడు వెళ్లిపోతుంది?” అని అడిగాడు. అందరూ నవ్వారు. ఎడపిల్లాడి కష్టం ఎడపిల్లాడిది! మా అమ్మ వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాడి చేతిమీద పాప చెయ్యి పెట్టింది. వాడు గబుక్కున చెయ్యి లాక్కున్నాడు.

సాయంత్రం దీపాలవేళకు మా అత్తయ్య వచ్చింది. అత్తయ్య అంటే వట్టి అత్తగారే కాదు, మా నాన్నకు సొంత చెల్లెలు, నాకు మేనత్త. మాది మేనరికం. వచ్చి చేతులు కడుక్కుని పిల్లను ఎత్తుకుంది. అందరిలాగా ముక్కు ఎవరిది, మూతి ఎవరిది అని చూడలేదు. నేరుగా పడమటి కిటికీ దగ్గరకు తీసుకెళ్లింది. పిల్ల నుదుటిమీద బొటనవేలు నొక్కి తీసింది. ముక్కుమీద నొక్కింది. రొమ్ముమీద నొక్కింది. తరువాత నా వైపు తిరిగి, “ఏమ్మా, పిల్ల పసుపుగా ఉందే” అంది.

“పసుపు రాసుకున్న చేతులు కదా వదినా, అంటుకుని ఉంటుంది” అంది మా అమ్మ.

నర్సమ్మ వచ్చి చూసింది. “చంటిపిల్లలకు కామెర్లు మామూలేనమ్మా. రేపు పొద్దుటి ఎండలో కాసేపు పెట్టండి, అదే పోతుంది” అంది.

అత్తయ్య ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ వేళ మాత్రం పిల్లను ఎవరి చేతికీ ఇవ్వలేదు. “మూడోనాటి పసుపు వేరమ్మా, మొదటినాటి పసుపు వేరు. దీనికి ఇంకా రోజు నిండలేదు. ఇలాంటి పసుపు నేను రెండుసార్లు చూశాను” అంది. గొంతు వణికింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ రెండుసార్ల సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

అత్తయ్యకు తొలిచూలు మా బావ, అంటే మావారు. ఆయన నిక్షేపంగా పెరిగారు. తరువాత 1963లో ఒక మగపిల్లాడు, 1965లో ఒక ఆడపిల్ల. ఇద్దరూ పుట్టినప్పుడు బాగానే ఉన్నారు. పుట్టిన రోజునే పసుపెక్కారు. పిల్లాడు నాలుగో రోజున, పిల్ల మూడో రోజున పోయారు. ఊరు ఊరుకుంటుందా? దిష్టి అన్నారు, గ్రహం అన్నారు, రెండో కాన్పు అచ్చిరాని వంశం అన్నారు. తాయెత్తులు కట్టారు, నాగప్రతిష్ఠ చేయించారు. 1967లో మళ్లీ ఆడపిల్ల పుడితే, పుట్టగానే విస్తరిలో పెట్టి, పొరుగింటావిడకు చేటెడు తవుడికి అమ్మి, తిరిగి తెచ్చుకున్నారు. మన ఊళ్లలో పెంటయ్య, పుల్లయ్య, పిచ్చమ్మ, తవిటయ్య అన్న పేర్లు ఎందుకు పుట్టాయో పాతకాలం వాళ్లకు చెప్పనక్కర్లేదు. పోయిన పిల్లల తరువాత నిలిచిన పిల్లల పేర్లవి. మా ఆడపడుచుకూ అలాంటి పేరే పెట్టారు. ఆ పిల్ల నిలిచింది. తవుడు మహిమ అన్నారు.

ఇక వాదన సాగలేదు. మా బావ పరుగెత్తుకెళ్లి టాక్సీ మాట్లాడుకొచ్చారు. పాత అంబాసిడర్ కారు. నన్ను వెనక సీట్లో వాల్చారు. పిల్ల అత్తయ్య ఒళ్లో. రావులపాలెం దాటి జొన్నాడ వంతెన ఎక్కేసరికి బాగా చీకటి పడింది. కింద గౌతమి నల్లగా మెరుస్తోంది. వంతెన పొడుగునా అత్తయ్య కిటికీలోంచి నీళ్లను చూస్తూనే ఉంది. అవతలి ఒడ్డు చేరాక, “వాడప్పుడు ఈ వంతెన లేదు. శ్రావణమాసం, ఎర్రనీరు. పడవ విప్పనన్నాడు” అని మాత్రం అంది. కడియపులంక దగ్గర పూలతోటల వాసన కారులోకి వచ్చింది. పాప పాలకు నోరు తెరవకుండా మగతగా పడుకుంది. ఆ వాసన తగిలితే ఈనాటికీ నా గుండె దడదడలాడుతుంది.

రాజమండ్రిలో పిల్లల ఆసుపత్రికి చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. డాక్టరుగారు పిల్లను చూసి, మొట్టమొదట అడిగిన మాట, “తల్లి రక్తం ఏ గ్రూపు?” మేము ముఖాలు చూసుకున్నాం. నా వేలు పొడిచి చూశారు. ఓ నెగటివ్. పిల్లది ఓ పాజిటివ్. పిల్ల రక్తంలో కామెర్ల పదార్థం, దాన్ని బిలిరుబిన్ అంటారు, అప్పటికే 14 పాయింట్లుంది. పుట్టి పదిహేను గంటలైనా కాలేదు.

“ఇది మామూలు కామెర్లు కావు. పిల్ల రక్తం మార్చాలి. ఓ నెగటివ్ రక్తం కావాలి, ఈ రాత్రికే కావాలి” అన్నారాయన.

రక్తం మార్చడమంటే ఏమిటో అప్పుడు తెలియలేదు గాని తరువాత తెలుసుకున్నాను. బొడ్డులోని నాళం గుండా సన్నని గొట్టం పెట్టి, కొద్దికొద్దిగా పిల్ల రక్తం తీస్తూ, అంతే కొత్త రక్తం ఎక్కిస్తారు. చంటిపిల్ల ఒంట్లో రక్తమంతా కలిపితే పావు లీటరుకు అటూఇటూ. దానికి రెట్టింపు రక్తం అలా లోపలికీ బయటికీ నడపాలి. రెండు మూడు గంటల పని.

మనదేశంలో నెగటివ్ రక్తం నూటికి ఏ అయిదారుగురికో ఉంటుంది. అందులోనూ ఓ నెగటివ్! వచ్చిన వాళ్లమంతా వరసగా వేళ్లు చాచాం. మా బావది పాజిటివ్. మామయ్యదీ పాజిటివ్. అమ్మదీ కలవలేదు. అత్తయ్యది చూసి, “ఓ నెగటివ్” అన్నాడు పరీక్ష చేసిన కుర్రాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. అత్తయ్య అప్పుడే జాకెట్టు చెయ్యి పైకి మడుస్తోంది.

డాక్టరుగారు మాత్రం ఆగమన్నారు. “మీకెందరు పిల్లలమ్మా?” అని అడిగారు.

అత్తయ్య చెప్పింది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పనిది, గోడకు ఆనుకుని నిలబడి, పూసగుచ్చినట్లు చెప్పింది. ఆయన చివరిదాకా విన్నారు. తరువాత ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఇలా చెప్పారు. మాటకు మాట కాకపోయినా సారాంశం ఇది.

నెగటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుడుతుంది. కాన్పు వేళ బిడ్డ రక్తం చుక్కలు కొన్ని తల్లి రక్తంలో కలుస్తాయి. తల్లి ఒళ్లు వాటిని పరాయివాళ్లనుకుని, వాటిని చంపే సైన్యాన్ని తయారు చేసుకుంటుంది. తొలిబిడ్డ అప్పటికే బయటపడి ఉంటాడు కనుక వాడికేమీ కాదు. ఆ సైన్యం మాత్రం తల్లి ఒంట్లో కాపు కాస్తుంది. మళ్లీ పాజిటివ్ బిడ్డ కడుపున పడితే, మాయ గుండా బిడ్డ రక్తంలోకి వెళ్లి ఎర్రకణాలను విరిచేస్తుంది. విరిగిన ఎర్రకణాల నుంచి వచ్చేదే ఈ పసుపు. అది మితిమీరితే మెదడుకెక్కుతుంది. అందుకే ఈ జబ్బు తొలిబిడ్డను వదిలి మలిబిడ్డను పట్టుకుంటుంది. మీ నాలుగో బిడ్డ నిలిచిందంటే, బహుశా ఆమెకు మీ నెగటివ్ రక్తమే వచ్చి ఉంటుంది. తన రక్తంలాంటి రక్తాన్ని ఆ సైన్యం ముట్టుకోదు. ఆ సైన్యం మీ ఒంట్లో ఇంకా ఉండవచ్చు, అందుకనే మీ రక్తం ఈ పిల్లకు పనికిరాదు.

“ఇది దిష్టి కాదమ్మా. మీ దోషం అంతకన్నా కాదు” అన్నారాయన చివర.

అత్తయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత నెమ్మదిగా అడిగింది: “అయితే డాక్టరుగారూ, నా పాలు విషం కాదన్నమాటేనా?”

అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. పిల్లాడు పోయాక, ఆమె పాలలోనే విషముందని ఎవరో అన్నారట. మూడోదానికి ఆమె పాలు ఒక్క గుక్కైనా పట్టనివ్వలేదట. గేదెపాలలో నీళ్లు కలిపి వత్తితో పోశారట. పాలు గడ్డకట్టి జ్వరంతో ఈవిడ ఒక గదిలో, ఆకలికి ఏడుస్తూ ఆ పిల్ల ఇంకొక గదిలో.

“విషం కాదమ్మా. ఆ పాలే మందు” అన్నారు డాక్టరుగారు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రక్తం సంగతి చెప్పాలి కదూ. ఆసుపత్రి వాళ్ల దగ్గర రక్తమిచ్చే వాళ్ల జాబితా ఒకటుంది. అర్ధరాత్రి మనిషిని పంపితే, ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు ఒకరి తరువాత ఒకరు సైకిళ్ల మీద వచ్చారు. రక్తమిచ్చి, కాఫీ తాగి, పొద్దున్నే పరీక్ష ఉందంటూ ఒకడు, నిద్ర వస్తోందంటూ ఇంకొకడు వెళ్లిపోయారు. పేర్లు అడగాలన్న జ్ఞానం కూడా మాకు లేకపోయింది. తెల్లవారేసరికి రక్తం మార్చడం పూర్తయింది. తరువాత నాలుగు రోజులు పాపను నీలిదీపాల కింద పడుకోబెట్టారు. ఒంటిమీద గుడ్డ లేకుండా, కళ్లకు మాత్రం గంతలు కట్టి. పాలకు తప్ప బయటికి తియ్యలేదు. అయిదోనాడు మా పెద్దవాణ్ణి తీసుకొచ్చారు. వాడు అద్దంలోంచి చూసి, “చెల్లాయి దాగుడుమూతలాడుతోందా?” అన్నాడు. అదే మొదటిసారి వాడు చెల్లాయి అనడం. “అవునురా” అన్నాను. “అయితే నేను దాక్కుంటాను” అని మంచం కిందికి దూరాడు. ఆ నాలుగు రోజుల్లో నేను నవ్వింది అప్పుడే.

ఆ నీలిదీపం కథ కూడా చిత్రమైనది. అది ఏ పెద్ద ప్రయోగశాలలోనూ పుట్టలేదు. 1956లో ఇంగ్లండులో ఎసెక్స్ జిల్లా రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే నర్సమ్మ ఉండేది. నెలతక్కువ పిల్లలకు కాస్త గాలీ వెలుతురూ మంచిదని, ఎండ కాచిన రోజున వాళ్లను పెరట్లోకి తీసుకెళ్లేదిట. ఒకనాడు ఒక పిల్లవాడి గుడ్డ విప్పి డాక్టర్లకు చూపించింది. ఒళ్లంతా పసుపు విరిగిపోయింది; దుప్పటి అంచు కప్పిన చోట మాత్రం ముక్కోణంలా పసుపు అలాగే ఉంది. మరోసారి కామెర్ల పిల్లవాడి రక్తం కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయింది. పరీక్ష చేస్తే అందులో బిలిరుబిన్ అనుకున్నదానికన్నా బాగా తగ్గింది. అక్కడి డాక్టరు క్రీమర్, ఆయనతోటివారు దీపాలు అమర్చి ప్రయత్నించి, 1958లో లోకానికి తెలియజేశారు. నీలికాంతి చర్మంలోని బిలిరుబిన్ రూపు మార్చి, మలమూత్రాల ద్వారా సులువుగా పోయేట్లు చేస్తుంది. అంతే కిటుకు.

చూశారా, పిల్లను ఎండలో పెట్టాలన్న మన పెద్దవాళ్ల మాటలో వాసన మాత్రం లేకపోలేదు! అయితే, ఎండను కొలవలేం. మన ఎండకు చంటిపిల్ల ఒళ్లు కమిలిపోతుంది, నీరసిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎండలో పెడుతున్నాంలే అన్న ధైర్యంతో ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యమవుతుంది. మా పాపను ఆ రాత్రి ఆపి మర్నాటి ఎండకోసం చూసి ఉంటే, ఈనాడు ఈ పురుడు ఉండేది కాదు.

మరి నెగటివ్ తల్లులంతా భయపడాలా? అక్కర్లేదు. ఆర్ హెచ్ అనే ఈ తేడాను 1940లో కనిపెట్టారు. ఇంగ్లండులో లివర్‌పూల్ డాక్టర్లు, అమెరికాలో న్యూయార్కు డాక్టర్లు పాటుపడి దీనికి ఒక సూదిమందు తయారు చేశారు. 1968 నుంచి వాడుకలోకి వచ్చింది. పేరు యాంటీ డీ. పాజిటివ్ బిడ్డ పుట్టిన 72 గంటల లోపల తల్లికిస్తే, ఆ సైన్యం అసలు తయారే కాదు. కడుపుతో ఉండగా 28వ వారంలో కూడా ఇస్తారు. గర్భస్రావం జరిగినా డాక్టరునడిగి వేయించుకోవాలి. ఒకసారి సైన్యం తయారయ్యాక మాత్రం ఈ మందు పనిచేయదు. అందుకే నాకు మూడో కాన్పు వద్దన్నారు. మా పెద్దవాడు పుట్టిన మూడు రోజుల్లో ఆ సూది ఒక్కటి పడి ఉంటే ఈ కథే లేదు. అత్తయ్య పిల్లలు పోయేనాటికి అది ఇంకా లోకంలోకి రాలేదు. గోదారి దాటినా ఆ రోజుల్లో ఏమయ్యేదో చెప్పలేం.

ఈ మందు మనుషుల రక్తంలోంచే వస్తుంది. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయనకు చిన్నతనంలో పెద్ద ఆపరేషనై ఎవరెవరి రక్తమో ఎక్కించారు. ఆ రుణం తీర్చుకోవాలని 1954లో దానం మొదలుపెట్టాడు. తన రక్తంలో ఈ మందుకు కావలసిన పదార్థం పుష్కలంగా ఉందని తెలిశాక ఆపలేదు. 2018 దాకా 1173 సార్లు ఇచ్చాడు. 2025లో, 88వ ఏట నిద్రలోనే కన్నుమూశాడు. ఆయన పేరు చదివినప్పుడల్లా నాకు ఆ ఇద్దరు సైకిలు కుర్రాళ్లు గుర్తుకొస్తారు.

ఇక మీరు గుర్తుంచుకోవలసినవి. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో సగానికి పైగా కొంచెం పసుపెక్కుతారు. రెండో మూడోనాడు మొదలై, నాలుగైదు రోజులకు ఎక్కువై, రెండు వారాల్లో పోతుంది. దానికి కంగారు పడనక్కర్లేదు. పుట్టిన 24 గంటల్లోపల పసుపు కనిపిస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకండి. పసుపు ముఖంనుంచి కిందికి దిగుతుంది. అరిచేతులు, అరికాళ్లు పసుపెక్కినా, పిల్ల మగతగా ఉండి పాలు తాగకపోయినా, కీచుగా ఏడ్చినా, ఒళ్లు విల్లులా వెనక్కి విరిచినా, జ్వరం వచ్చినా వెంటనే వెళ్లండి. దొడ్డికి సుద్దలా తెల్లగా వెళ్లినా, రెండు వారాలు దాటి పసుపు పోకపోయినా అశ్రద్ధ చేయకండి, అది కాలేయపు జబ్బు కావచ్చు.

చూసేటప్పుడు పగటి వెలుతురులో చూడండి. మన చాయ పిల్లల్లో పసుపు సులువుగా తెలియదు. మా అత్తయ్యలాగా వేలితో నొక్కి తీసి, ఆ చోటు చూడండి. కళ్లలోని తెలుపు, చిగుళ్లు చూడండి. పాలు మానిపించకండి, రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు ఇవ్వండి. పసరులు, ఆముదం చుక్కలు, తేనె, గ్లూకోజు నీళ్లు, వాతలు వద్దే వద్దు.

రెండో బిడ్డకు పెద్దవాడి బట్టలు వేస్తాం కదా. పెట్టెలోంచి తీసినవి తీసినట్లు వేయకండి. కొందరు పిల్లలకు పుట్టుకతో రక్తంలో జీ సిక్స్ పీ డీ అనే పదార్థం తక్కువగా ఉంటుంది. వాళ్లకు కలరా ఉండల వాసన తగిలినా ఎర్రకణాలు విరిగి కామెర్లు ముదురుతాయి. పిల్లలున్న ఇంట్లో ఆ ఉండలే మానేయడం మేలు.

ఈ రోజుల్లో గర్భిణికి ఇచ్చే మాతాశిశు కార్డులో రక్తం గ్రూపు రాయడానికి చోటుంది. ఆ చోటు ఖాళీగా ఉంటే అడిగి రాయించండి. నెగటివ్ అయితే భర్త గ్రూపు కూడా చూపించి, కూంబ్స్ పరీక్ష సంగతి, సూది సంగతి అడగండి. కాన్పయ్యాక ఆశా కార్యకర్త మూడోనాడు, ఏడోనాడు, ఆ తరువాతా ఇంటికి వచ్చి చూస్తుంది. ఆమెకు పిల్లను విప్పి చూపించండి. అంబాసిడర్ టాక్సీ కోసం పరుగెత్తనక్కర్లేదు. 2005 నుంచి 108 ఉంది.

మా పాప బారసాలనాటి మాట ఒకటి చెప్పి ముగిస్తాను. ఎవరి బారసాలకు వెళ్లినా అత్తయ్య గుమ్మం దగ్గరే కూర్చునేది. ఉయ్యాల ముట్టుకునేది కాదు. తన చెయ్యి మంచిది కాదని. ఆ రోజు మా అమ్మ పిల్లను తీసుకొచ్చి ఆమె చేతుల్లో పెట్టి, “నువ్వే వెయ్యాలి వదినా” అంది. అత్తయ్య కాదనలేదు. ఉయ్యాలలో వేసి, నిద్రపోయేదాకా తాడు వదలలేదు. ఆమె పోయి తొమ్మిదేళ్లయింది.

చీటీ ఇప్పుడు పెట్టెలో లేదు. మా అమ్మాయి కార్డుతోపాటు వంటింట్లో పంచాంగం మేకుకు తగిలించాను. దాని రక్తం పాజిటివ్ కనుక నాకు పట్టిన భయం దానికి లేదు. అయినా గ్రూపు ఓ కదా, బిడ్డది వేరైతే కొంచెం పసుపు రావచ్చునని డాక్టరమ్మ ముందే చెప్పింది. పొత్తిగుడ్డలు వేడినీళ్లలో ఉడకబెట్టి ఎండలో ఆరేశాను. మనవడో మనవరాలో, వచ్చిన సాయంత్రం దీపాలు పెట్టకముందే పడమటి కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూస్తాను. ఎలా చూడాలో నాకు తెలుసు.